సిస్టమ్ కాల్ ఫెయిలైతే మన భాష ఏం చెప్పాలి? ఇంటర్‌ప్రెటర్లు రాసినవాళ్ళు కాస్త చూడండి

రవళి_మాదాపూర్ · రాత్రి 9:40

అందరికీ నమస్తే. రాత్రిపూట నడిచే డేటా జాబుల కోసం మా టీమ్‌లో ఒక చిన్న స్క్రిప్టింగ్ భాష వాడుతున్నాం. ఇంటర్‌ప్రెటర్ (స్క్రిప్ట్‌ని చదివి నడిపే ప్రోగ్రామ్) సీ భాషలో ఉంది. భాష అందరికీ అలవాటైంది, లూపులూ లిస్టులూ ఏవీ ఇబ్బంది పెట్టడం లేదు. గొడవంతా ఒక్కచోటే: ఫైల్ తెరవడం, పేరు మార్చడం, ఇంకో ప్రోగ్రామ్‌ని నడపడం లాంటి సిస్టమ్ కాల్స్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగి చేయించుకునే పనులు) ఫెయిలైనప్పుడు.

ఇప్పుడున్న పద్ధతిలో ఫంక్షన్ ఫెయిలైతే ఫాల్స్ వస్తుంది. ఎందుకు ఫెయిలైందో కావాలంటే చివరి_ఎర్రర్ అనే ఇంకో ఫంక్షన్‌ని పిలవాలి. అది లోపల ఎర్‌నో (చివరి ఎర్రర్ నంబరు ఉండే సీ వేరియబుల్) చదివి, స్ట్రెర్రర్ (ఆ నంబరుని వాక్యంగా మార్చే సీ ఫంక్షన్) ఇచ్చే వాక్యాన్ని తెచ్చి ఇస్తుంది. దాన్ని ఎవరూ పిలవరు. పిలిచినా ఒక్కోసారి పొంతన లేని జవాబొస్తుంది. మొన్న ఒక లాగ్‌లో ఇలా పడింది:

రిపోర్ట్ ఫైల్ తెరవలేకపోయాం: ఇనప్రాప్రియేట్ ఐఓసీటీఎల్ ఫర్ డివైస్

అదేమో మామూలు సీఎస్‌వీ ఫైల్. రాత్రి డ్యూటీలో ఉన్న అబ్బాయి దీన్ని చూసి డిస్క్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాడు.

ఈ భాగం మొత్తం తిరగరాద్దామనుకుంటున్నాం. ఎక్సెప్షన్ (పట్టుకోకపోతే స్క్రిప్ట్‌ని అక్కడే ఆపేసే ఎర్రర్) విసరాలా, ఫలితంతో పాటు ఎర్రర్‌ని కూడా రిటర్న్ చేయాలా? ఎర్రర్‌లో ఏమేం ఉండాలి? నంబర్లు చూపించాలా, పేర్లా? మీ మీ భాషల్లో ఏది పనికొచ్చిందో, ఏది విసిగించిందో చెప్పండి.

పాత_సిస్టమ్స్ · రాత్రి 10:15

రవళి గారూ, ముందు ఆ ఐఓసీటీఎల్ సంగతి తేలుద్దాం. మిగతా జవాబు సగం అందులోనే ఉంది.

లినక్స్ కెర్నెల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ అసలు భాగానికి) ఎర్‌నో అనేదే తెలియదు. కాల్ ఫెయిలైతే కెర్నెల్ రిటర్న్ విలువగానే మైనస్ 2, మైనస్ 13 లాంటి అంకె పంపుతుంది. మైనస్ 1 నుంచి మైనస్ 4095 దాకా ఏది వచ్చినా ఎర్రర్ కిందే లెక్క. సీ లైబ్రరీ దాన్ని పట్టుకుని, మైనస్ గుర్తు తీసేసి ఎర్‌నోలో పెట్టి, మన చేతికి ఉత్త మైనస్ 1 ఇస్తుంది. ఎర్‌నో ఏ థ్రెడ్‌ది ఆ థ్రెడ్‌కే ఉంటుంది కాబట్టి పక్క థ్రెడ్ చెరిపేస్తుందన్న భయం లేదు. కానీ అదే థ్రెడ్‌లో తర్వాత నడిచే ఏ లైబ్రరీ కాల్ అయినా దాన్ని మార్చేయొచ్చు. పైగా కాల్ సక్సెస్ అయితే ఎర్‌నో సున్నా అవుతుందనుకోవద్దు. పాత విలువ అలాగే పడి ఉంటుంది.

మీకు కనిపించింది ఈనాట్‌టీటీవై, లినక్స్‌లో 25వ నంబరు. 'ఇది టెర్మినల్ కాదు' అని దాని అర్థం. లాగ్ రాసే కోడ్, బఫర్ పెట్టే కోడ్ చాలావరకు ముందు 'ఇది టెర్మినలా, ఫైలా' అని ఈజాటీటీవైని అడుగుతాయి. కాదనే జవాబు ఎర్‌నోలోకి ఈ 25 రూపంలో వచ్చి కూర్చుంటుంది. మీ ఓపెన్ దేనివల్ల ఫెయిలైందో ఆ నంబరు అప్పటికే పోయింది. పెర్ల్ వాడినవాళ్ళకి ఈ మెసేజ్ పాత చుట్టం.

అందుకే సీ వైపు నియమం ఒక్కటే: సిస్టమ్ కాల్ మైనస్ 1 ఇచ్చిన వెంటనే, తర్వాతి లైన్‌లోనే, ఎర్‌నోని లోకల్ వేరియబుల్‌లోకి తీసుకోవాలి. లాగ్ కంటే ముందు, మెమరీ విడుదల చేయడం కంటే ముందు. పాత లైబ్రరీల్లో ఫ్రీ కూడా ఎర్‌నోని పాడుచేయగలదు.

ఇక మీ చివరి_ఎర్రర్ ఫంక్షన్. సీలో అయితే ఓపెన్‌కీ ఎర్‌నో చదవడానికీ మధ్య ఏం జరుగుతుందో రాసేవాడి చేతిలో ఉంటుంది. ఇంటర్‌ప్రెటర్‌లో అలా కాదు. స్క్రిప్ట్‌లోని ఒక లైన్‌కీ తర్వాతి లైన్‌కీ మధ్య మీ రన్‌టైమ్ మెమరీ అడుగుతుంది, గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని వెనక్కి తీసుకునే కోడ్) నడుస్తుంది, సిగ్నల్ హ్యాండ్లర్ (బయటి నుంచి ప్రాసెస్‌కి వచ్చే సిగ్నల్‌ని చూసుకునే కోడ్) వచ్చిపోతుంది. స్క్రిప్ట్ అడిగేసరికి ఎర్‌నోలో ఎవరి విలువ ఉందో దేవుడికే తెలియాలి. కాబట్టి ఆ ఫంక్షన్‌ని బాగుచేయడం కాదు, తీసేయడమే. ఎర్రర్‌ని ఫెయిలైన క్షణంలోనే ఒక ఆబ్జెక్ట్‌గా మూటగట్టి స్క్రిప్ట్ చేతికివ్వండి.

గిరి_గో · రాత్రి 10:31

గో లో ఈ మూటకట్టే పని చక్కగా చేశారు. ఫైల్ ఫంక్షన్లన్నీ పాత్ఎర్రర్ అనే స్ట్రక్ట్ ఇస్తాయి. అందులో మూడే ఫీల్డులు: ఏ పని, ఏ పాత్, లోపలి అసలు ఎర్రర్. ప్రింట్ చేస్తే ఇలా వస్తుంది:

ఓపెన్ /డేటా/మార్చి.సీఎస్‌వీ: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ

దీనికి మనం ఇంకేమీ కలపక్కర్లేదు. పై ఫంక్షన్ తన మాట ముందు చేర్చి పైకి పంపినా, 2019లో వచ్చిన 1.13 నుంచి ఎర్రర్స్.ఈజ్ అని అడిగి లోపలున్నది 'ఫైల్ లేదు' రకమా కాదా తేల్చుకోవచ్చు. టెక్స్ట్‌లో వెతుక్కునే బాధ పోయింది.

రస్ట్_రఘు · రాత్రి 10:52

గిరి అన్నా, మా వైపు కథ వేరు. రస్ట్ స్టాండర్డ్ లైబ్రరీ ఐఓ ఎర్రర్‌లో పాత్ ఉండదు. కోడ్ 2, రకం నాట్‌ఫౌండ్, ఒక మెసేజ్, అంతే. ఏ ఫైల్ అని అడిగితే సమాధానం లేదు. అందుకే చాలామంది ఎఫ్ఎస్-ఎర్ అనే క్రేట్ (రస్ట్ లైబ్రరీ) వాడి పాత్ కలిపించుకుంటారు, లేదా ఎనీహౌ అనే ఇంకో క్రేట్‌తో ప్రతిచోటా కాంటెక్స్ట్ రాసుకుంటారు.

కానీ దాన్ని ఊరికే తిట్టడం కూడా సరికాదు. పాత్‌ని ఎర్రర్‌లో పెట్టాలంటే కాపీ చేయాలి, దానికి మెమరీ కావాలి. మాడ్యూల్ కోసం పది డైరెక్టరీల్లో వరసగా వెతికే కోడ్‌లో తొమ్మిదిసార్లు 'ఫైల్ లేదు' రావడం మామూలే. ప్రతిసారీ స్ట్రింగ్ కాపీ చేసి, స్టాక్ ట్రేస్ కట్టి, ఎక్సెప్షన్ విసిరితే ఆ ఖర్చు దండగ. సిస్టమ్స్ భాషకి ఆ లెక్క అవసరం.

దివ్య_ఆన్‌కాల్ · రాత్రి 11:08

రఘూ, రవళిది సిస్టమ్స్ భాష కాదు, రాత్రి జాబుల స్క్రిప్టింగ్ భాష. వంద బైట్ల కాపీ మిగుల్చుకుని, రాత్రి రెండింటికి నన్ను లేపి 'ఏదో ఫైల్ దొరకలేదట' అంటే ఏం లాభం? బస్సు రాలేదని ఫోన్ చేసి, ఏ నంబరు బస్సో, తను కోఠిలో ఉన్నాడో మెహదీపట్నంలో ఉన్నాడో చెప్పకుండా పెట్టేసినట్టుంటుంది.

నాకు నచ్చింది నోడ్ (జావాస్క్రిప్ట్ రన్‌టైమ్) పద్ధతి. ఎర్రర్ ఆబ్జెక్ట్‌లో కోడ్ అని ఈనోఎంట్ ('ఫైల్ లేదు') లాంటి పేరు విడిగా, సిస్కాల్ అని ఏ కాలో విడిగా, పాత్ విడిగా, మనిషి చదవడానికి మెసేజ్ విడిగా ఉంటాయి. లాగ్ సెర్చ్‌లో కోడ్ మీద ఫిల్టర్ పెట్టుకోవచ్చు.

నంబర్ల గురించి అడిగారు. నంబరు ఉంచండి, కానీ పోల్చడానికి పేరే వాడనివ్వండి. కనెక్షన్ రిఫ్యూజ్డ్ లినక్స్‌లో 111, మ్యాక్‌లో 61. ఈఎగైన్ ('ఇప్పుడు కాదు, మళ్ళీ ప్రయత్నించు') లినక్స్‌లో 11, మ్యాక్‌లో 35. మ్యాక్‌బుక్‌లో రాసిన స్క్రిప్ట్ 'నంబర్ 35 అయితే మళ్ళీ ప్రయత్నించు' అని సర్వర్‌కి వచ్చిందంటే, లినక్స్‌లో 35 అంటే డెడ్‌లాక్ ఎర్రర్. మెసేజ్ టెక్స్ట్‌తో పోల్చడం ఇంకా దారుణం. అది లోకేల్‌ని (మెషీన్ భాష సెట్టింగ్‌ని) బట్టి మారుతుంది.

నాచారం_నర్సింగ్ · రాత్రి 11:20

దివ్యక్క మాటకి ఓటు. ఇంకోటి చెప్తా వినండి. అమీర్‌పేటలో సీ నేర్చుకున్న రోజుల్లో మాకు నేర్పింది ఇదే: ఎఫ్‌ఓపెన్ నల్ ఇస్తే 'కాంట్ ఓపెన్ ఫైల్' అని ప్రింట్ చేయి, ఎగ్జిట్ 1. ఎర్‌నో పేరు కూడా ఎత్తలేదు. ఆ అలవాటుతోనే సగం ఇండస్ట్రీ నడుస్తుంది. అసలు కారణం కెర్నెల్ చెప్పింది, మనోడు దాన్ని చెత్తబుట్టలో వేసి సొంత కవిత్వం రాసిండు.

రవళి_మాదాపూర్ · రాత్రి 11:34

😄 మా కోడ్‌లోనూ అదే కవిత్వం నలభై చోట్ల ఉంది.

ఒక ప్రశ్న. కెర్నెల్ మెసేజ్‌లు కొత్తవాళ్ళకి అర్థం కావడం లేదని మా వాళ్ళు వాటిని సులభమైన తెలుగు వాక్యాలుగా మారుద్దామంటున్నారు. ఈనోస్పేస్ ('డివైస్‌లో చోటు లేదు') వస్తే 'డిస్క్ నిండిపోయింది, పాత ఫైళ్ళు తీసేయండి' అని. మంచిదేనా?

దివ్య_ఆన్‌కాల్ · రాత్రి 11:58

తెలుగులో చెప్పడం మంచిదే. కారణాన్ని ఊహించి చెప్పడం మంచిది కాదు.

ఈనోస్పేస్‌నే తీసుకో. డీఎఫ్ (డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చూపే కమాండ్) కొడితే నలభై శాతం ఖాళీ ఉంటుంది, అయినా కొత్త ఫైల్ సృష్టించనివ్వదు. డీఎఫ్‌కి మైనస్ ఐ ఇచ్చి చూస్తే ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున కావాల్సిన రికార్డులు) నూటికి నూరు శాతం వాడేసి ఉంటాయి. చిన్న చిన్న సెషన్ ఫైళ్ళు లక్షల్లో పేరుకున్న మెషీన్లలో ఇది తరచూ చూస్తాం. ఇంకో రకం: ఫోల్డర్ మార్పులు గమనించే టూల్ మొదలుపెట్టగానే ఇదే 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అంటుంది. అక్కడ డిస్క్‌తో సంబంధమే లేదు. ఇనోటిఫై (ఫైల్ మార్పులు తెలియజేసే లినక్స్ సౌకర్యం) వాచ్‌ల లిమిట్ అయిపోయింది, మ్యాక్స్ యూజర్ వాచెస్ సెట్టింగ్ పెంచాలి. ఒకే ఎర్రర్ పేరు, ఒకే మెసేజ్, మూడు వేరువేరు చికిత్సలు. తేడా తెలిసేది ఏ కాల్ ఫెయిలైందో చూస్తేనే: రైటా, ఓపెనా, ఇనోటిఫై యాడ్ వాచా.

మీ తెలుగు మెసేజ్ 'పాత ఫైళ్ళు తీసేయండి' అంటే రాత్రి డ్యూటీ అబ్బాయి నిజంగానే తీసేస్తాడు. అప్పుడు ఇంకో లొల్లి.

అలాగే ఈఎంఫైల్ అంటే మన ప్రాసెస్ తన ఓపెన్ ఫైళ్ళ లిమిట్ దాటింది, ఈఎన్‌ఫైల్ అంటే సిస్టమ్ మొత్తం లిమిట్ దాటింది. రెంటినీ కలిపి 'ఫైళ్ళు ఎక్కువయ్యాయి' అని రాస్తే, యూలిమిట్ (ప్రాసెస్‌కి పెట్టిన లిమిట్) పెంచాలా, ఏ స్క్రిప్ట్ ఫైళ్ళు మూయడం లేదో వెతకాలా, మొత్తం మెషీన్ చూడాలా తెలియదు.

నాచారం_నర్సింగ్ · రాత్రి 12:10

'ఫైల్ లేదు' అనే మాట కూడా నమ్మొద్దు. నాకు పడిన కేసు: స్క్రిప్ట్ ఉంది, ఎల్ఎస్ కొడితే కనిపిస్తుంది, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉంది. నడిపితే ఈనోఎంట్. గంట కొట్టుకున్నాక పక్క సీటాయన క్యాట్‌కి మైనస్ ఏ ఇచ్చి చూడమన్నడు. స్క్రిప్ట్‌ని ఏ ప్రోగ్రామ్ నడపాలో రాసే మొదటి లైన్ చివర ^ఎం. విండోస్‌లో సేవ్ చేసిన ఫైల్. కెర్నెల్ వెతుకుతున్నది /బిన్/బ్యాష్ కాదు, చివర కనబడని క్యారెక్టర్ తగిలించుకున్న ఇంకేదో పేరు. లేని ఫైల్ మా స్క్రిప్ట్ కాదు, దాని ఇంటర్‌ప్రెటర్. కెర్నెల్ అబద్ధం చెప్పలే, ఏ ఫైల్ లేదో చెప్పలే.

ఆల్పైన్ (వేరే సీ లైబ్రరీ వాడే చిన్న లినక్స్) కంటెయినర్‌లో మామూలు లినక్స్ బైనరీ పెట్టినా ఇదే. బైనరీ కళ్ళముందు ఉంటది, అది మొదలవ్వడానికి అడిగే డైనమిక్ లోడర్ అక్కడ ఉండదు. మళ్ళా అదే మాట, నో సచ్ ఫైల్.

పాత_సిస్టమ్స్ · రాత్రి 12:25

నర్సింగ్ మంచి చోట వేలు పెట్టాడు. వేరే ప్రోగ్రామ్‌ని నడపడం అనేదే అన్నిటికంటే కష్టమైన కేసు, ఎందుకంటే ఫెయిలయ్యేది చైల్డ్ ప్రాసెస్‌లో, చెప్పాల్సింది పేరెంట్‌కి. ఫోర్క్ (ప్రాసెస్ తన కాపీగా చైల్డ్‌ని సృష్టించడం) బాగానే అయింది. ఆ తర్వాత చైల్డ్ డైరెక్టరీ మార్చుకోవాలి, ఆపైన ఎగ్జెక్ (కొత్త ప్రోగ్రామ్‌గా మారడం) చేయాలి. వీటిలో ఏది ఫెయిలైనా చైల్డ్ చనిపోవడం తప్ప చేయగలిగింది లేదు. ఊరికే చనిపోతే పేరెంట్‌కి కనిపించేది ఎగ్జిట్ కోడ్ 127 లాంటి అంకె మాత్రమే. అది ప్రోగ్రామ్ దొరకకా, ప్రోగ్రామే నడిచి 127 ఇచ్చిందా, చెప్పలేం.

పైథాన్ సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ ఇక్కడ ఒక చక్కని పని చేస్తుంది. ఫోర్క్‌కి ముందే ఒక పైప్ (రెండు ప్రాసెస్‌ల మధ్య డేటా దారి) తెరుస్తుంది. దానికి క్లోజ్-ఆన్-ఎగ్జెక్ పెట్టి ఉంటుంది. ఎగ్జెక్ సక్సెస్ అయితే పైప్ దానంతటదే మూసుకుపోతుంది, పేరెంట్‌కి ఖాళీ రీడ్ వస్తుంది. ఫెయిలైతే చైల్డ్ ఆ పైప్‌లోకి తన ఎర్‌నోని, ఏ దశలో ఆగిందో ఆ ఆనవాలుని రాసి చనిపోతుంది. పేరెంట్ దాన్ని చదివి తన వైపు మామూలు ఎక్సెప్షన్‌గా విసురుతుంది. డైరెక్టరీ మార్చడం దగ్గరే ఆగిపోతే ఎక్సెప్షన్‌లో ప్రోగ్రామ్ పేరు బదులు డైరెక్టరీ పేరు పెడుతుంది. రవళి గారూ, మీ భాషలో ప్రోగ్రామ్ నడిపే ఫంక్షన్‌కి ఇదే పద్ధతి పెట్టండి. రెండు రోజుల పని, ఏళ్ళ తరబడి తలనొప్పి తప్పుతుంది.

సీఎస్ఈ_సాయి · ఉదయం 7:50

సార్, చిన్న డౌట్. స్ట్రెర్రర్ థ్రెడ్‌సేఫ్ కాదని విని స్ట్రెర్రర్_ఆర్ వాడాను. ఉబుంటులో బఫర్ ఖాళీగా వస్తోంది. మ్యాక్‌లో బాగానే ఉంది.

పాత_సిస్టమ్స్ · ఉదయం 8:05

సాయీ, అదే పేరుతో రెండు ఫంక్షన్లున్నాయి. పోసిక్స్‌ది (యూనిక్స్ ప్రమాణంలోది) ఇంట్ రిటర్న్ చేసి, నువ్విచ్చిన బఫర్ నింపుతుంది. గ్నూది (లినక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీది) క్యార్ పాయింటర్ రిటర్న్ చేస్తుంది, నీ బఫర్‌ని ముట్టుకోకపోవచ్చు కూడా. రిటర్న్ విలువనే ప్రింట్ చేయి, లేదా హెడర్లకంటే ముందు ఫీచర్ మాక్రోలు సరిగా పెట్టుకుని పోసిక్స్‌ది తెచ్చుకో. కంపైలర్ వార్నింగ్ ఇచ్చే ఉంటుంది, చూసుకో.

ఇంకోటి. అన్ని కాల్సూ ఎర్‌నో వాడవు. పీథ్రెడ్ (థ్రెడ్లకి సంబంధించిన) ఫంక్షన్లు ఎర్రర్ నంబర్‌ని నేరుగా రిటర్న్ చేస్తాయి, ఎర్‌నో జోలికి పోవు. హోస్ట్ పేరు వెతికే గెట్ యాడర్ ఇన్ఫోది వేరే పట్టిక, దానికి గాయ్ స్ట్రెర్రర్ అని వేరే ఫంక్షన్. కాబట్టి ఎర్రర్ ఆబ్జెక్ట్‌లో నంబర్‌తో పాటు అది ఏ పట్టికలోదో కూడా ఉండాలి. రీడ్‌డిర్ (డైరెక్టరీలోని పేర్లు చదివే ఫంక్షన్) ఇంకో తమాషా: డైరెక్టరీ అయిపోయినా నల్, ఎర్రర్ వచ్చినా నల్. పిలిచే ముందే ఎర్‌నోని సున్నా చేసుకుంటే తప్ప తేడా తెలియదు.

రవళి_మాదాపూర్ · ఉదయం 9:15

సగం సంగతులు తేలాయి, థ్యాంక్స్. ఇక అసలు గొడవ: ఎక్సెప్షనా, రిటర్న్ విలువా? ఆఫీసులో రెండు పార్టీలయ్యాయి.

గిరి_గో · ఉదయం 9:32

రిటర్న్ విలువే. ఎర్రర్ కళ్ళముందు ఉంటుంది, ఎక్కడ ఏం ఫెయిలవ్వగలదో కోడ్ చదివితే తెలుస్తుంది.

పాత_సిస్టమ్స్ · ఉదయం 10:10

గిరీ, గో కి ఆ అలవాటు మొదటి రోజు నుంచీ ఉంది, లింటర్లు (కోడ్‌లో తప్పులు పట్టే టూల్స్) వెంటపడతాయి. పాతికమంది తలో స్క్రిప్ట్ రాసే భాషలో రిటర్న్ విలువని చూడకుండా వదిలేయడమే మామూలు. చూడకపోతే స్క్రిప్ట్ ఆగదు, ఖాళీ డేటాతో ముందుకెళ్తుంది. ఖాళీ రిపోర్ట్‌ని క్లయింట్‌కి మెయిల్ కూడా చేస్తుంది.

జావా చూడండి. పాత ఫైల్ క్లాస్‌లో డిలీట్ ఫెయిలైతే ఫాల్స్ ఇస్తుంది. ఎందుకో చెప్పదు, అడిగే దారీ లేదు. పర్మిషన్ లేక ఫైల్ తెరవలేకపోయినా వచ్చేది ఫైల్‌నాట్‌ఫౌండ్ ఎక్సెప్షనే, బ్రాకెట్లో మాత్రం పర్మిషన్ డినైడ్ అని ఉంటుంది. 2011లో వచ్చిన జావా 7లో కొత్త ఫైల్స్ క్లాస్ తెచ్చి, డిలీట్ ఫెయిలైతే కారణంతో సహా ఎక్సెప్షన్ విసిరేలా, పర్మిషన్‌కి వేరే ఎక్సెప్షన్ వచ్చేలా చేశారు. పెర్ల్‌లో ప్రతి ఓపెన్ పక్కనా 'ఆర్ డై' రాయలేక విసిగిపోయి ఆటోడై (ఫెయిలైతే దానంతటదే ఎక్సెప్షన్ విసిరే మాడ్యూల్) తెచ్చుకున్నారు, తర్వాత అది భాషతోపాటే వచ్చేస్తోంది. రెండూ ఒకే దిక్కుకి నడిచాయి: డిఫాల్ట్‌గా ఆగిపోవాలి, వద్దనుకున్నవాడు రాసి చెప్పాలి.

పైథాన్‌లో ఎక్సెప్షన్లు మొదటినుంచీ ఉన్నా, ఐఓఎర్రర్, ఓఎస్ఎర్రర్, సాకెట్ ఎర్రర్ అని రకరకాలుండేవి. ఏది ఎక్కడ వస్తుందో గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది. 2012లో 3.3తో అన్నీ ఓఎస్ఎర్రర్ కిందికి తెచ్చి, ఫైల్ లేకపోతే ఒకటి, పర్మిషన్ లేకపోతే ఒకటి అని ఉపజాతులు పెట్టారు. మీరు మొదలుపెట్టేటప్పుడే అలా పెట్టుకోండి. అయితే తొలి రోజే నూటముప్పై ఉపజాతులు అక్కర్లేదు. జనం నిజంగా విడిగా పట్టుకునేవి ఆరో ఏడో ఉంటాయి, మిగతావాటికి పేరు ఫీల్డ్ చాలు.

రస్ట్_రఘు · ఉదయం 10:40

ఒప్పుకుంటా, ఒక షరతు మీద. ఎర్రర్ కానిదాన్ని ఎక్సెప్షన్ చేయొద్దు. ఫైల్ చివరికి రావడం ఎర్రర్ కాదు, నాన్‌బ్లాకింగ్ (డేటా కోసం ఆగి ఎదురుచూడని) సాకెట్‌లో డేటా ఇంకా రాకపోవడం ఎర్రర్ కాదు. 'ఉంటే తెరువు' అనేదానికి విడిగా ఒక ఫంక్షన్ ఇవ్వండి. అది ఈనోఎంట్ వస్తే మాత్రమే ఏమీలేదు అని ఇవ్వాలి. పర్మిషన్ లేకపోతే అదికూడా విసరాల్సిందే. 'ఉందా' అని ముందు అడిగి తర్వాత తెరిచే అలవాటు కూడా దీంతో పోతుంది. అడగడానికీ తెరవడానికీ మధ్య ఫైల్ మాయమవ్వచ్చు కదా.

నాచారం_నర్సింగ్ · ఉదయం 11:05

ఈఇంటర్ సంగతేంది? మాకు సిగ్నల్ వచ్చినప్పుడల్లా రీడ్ మధ్యలో తెగిపోయి 'ఇంటరప్టెడ్ సిస్టమ్ కాల్' అని జాబు పడిపోయేది.

పాత_సిస్టమ్స్ · ఉదయం 11:30

అది స్క్రిప్ట్ రాసేవాడి దాకా రానివ్వొద్దు. రన్‌టైమే సిగ్నల్ హ్యాండ్లర్‌ని నడిపి, హ్యాండ్లర్ ఎక్సెప్షన్ ఏమీ విసరకపోతే కాల్‌ని మళ్ళీ చేయాలి. పైథాన్ 2015లో 3.5తో ఇలాగే మార్చింది. టైమౌట్ ఉన్న కాల్ అయితే మిగిలిన టైమ్ లెక్కగట్టి మళ్ళీ చేయాలి, లేకపోతే సిగ్నల్ వచ్చినప్పుడల్లా టైమౌట్ మొదటికొస్తుంది.

క్లోజ్ ఒక్కదాన్నే మళ్ళీ చేయకూడదు. లినక్స్‌లో క్లోజ్ ఈఇంటర్ ఇచ్చినా ఆ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కి ఇచ్చిన నంబరు) అప్పటికే విడుదలైపోయి ఉంటుంది. ఈలోపు ఇంకో థ్రెడ్ ఏదైనా తెరిస్తే అదే నంబరు దానికి దక్కుతుంది. మీరు రెండోసారి మూసేది దాని ఫైల్‌ని.

అలాగని క్లోజ్ ఎర్రర్‌ని మింగేయకండి. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌లో రైట్ అప్పుడు అంతా బాగుందని, కోటా అయిపోయిన సంగతి క్లోజ్ దగ్గర బయటపడే కేసులున్నాయి. గార్బేజ్ కలెక్టర్ ఫైళ్ళు మూసే భాషల్లో ఈ ఎర్రర్ చెప్పుకునే దిక్కే ఉండదు. అందుకే రాసిన ఫైళ్ళకి క్లోజ్‌ని స్క్రిప్టే పిలవాలి, లేదా బ్లాక్ అయిపోగానే దానంతటదే మూసుకుని ఎర్రర్ ఉంటే అక్కడే విసిరే పద్ధతి ఉండాలి.

దివ్య_ఆన్‌కాల్ · మధ్యాహ్నం 12:20

ఎఫ్‌సింక్ (రాసిన డేటాని డిస్క్ మీదికి చేర్చమనే కాల్) కూడా కలపండి సార్. మళ్ళీ ప్రయత్నిస్తే సరిపోతుందనే నమ్మకం ఎంత ప్రమాదమో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్ళకి 2018లో తెలిసింది. ఎఫ్‌సింక్ ఒకసారి ఫెయిలయ్యాక లినక్స్ మెమరీలోని ఆ పేజీలని శుభ్రంగా ఉన్నట్టు గుర్తుపెట్టేస్తుంది. రెండోసారి పిలిస్తే సక్సెస్ అంటుంది, డేటా మాత్రం డిస్క్ మీద ఉండదు. 2019 ఫిబ్రవరి రిలీజుల నుంచి ఎఫ్‌సింక్ ఫెయిలైతే సర్వర్ పానిక్ అయి, లాగ్ నుంచి రికవరీ చేసుకునేలా మార్చారు. కాబట్టి భాషలో 'ఎర్రర్ వస్తే మూడుసార్లు ప్రయత్నించు' అని అన్నిటికీ కలిపి ఒక సౌకర్యం పెట్టాలనే ఆలోచన ఉంటే మానుకో రవళీ.

రవళి_మాదాపూర్ · సాయంత్రం 6:45

ఉంది, మానుకున్నాం 😄

ఈ రోజు ఒక డ్రాఫ్ట్ చేశాం. ఎక్సెప్షన్ ప్రింట్ అయితే ఇలా వస్తుంది, చెప్పండి:

పేరు_మార్చు ఫెయిలైంది: /టెంప్/మార్చి.సీఎస్‌వీ: ఈఎక్స్‌డెవ్ (లినక్స్ 18): ఇన్‌వాలిడ్ క్రాస్-డివైస్ లింక్
స్క్రిప్ట్: రాత్రి_రిపోర్ట్, లైన్ 42

దివ్య_ఆన్‌కాల్ · సాయంత్రం 7:02

బాగుంది, రెండు మార్పులు. పేరు మార్చడానికి రెండు పాత్‌లు ఉంటాయి, రెండూ చూపించు. ఈ ఎర్రర్ వచ్చేదే అవి రెండు వేరే ఫైల్ సిస్టమ్స్‌లో ఉన్నప్పుడు. ఎక్కడికి మారుస్తున్నాడో తెలియకపోతే సగమే తెలిసినట్టు. పైథాన్ ఎక్సెప్షన్‌లో ఫైల్‌నేమ్2 అని ఉన్నది ఇందుకే.

రెండోది, పాత్‌ని కొటేషన్లలో పెట్టు, కనబడని క్యారెక్టర్లని ఎస్కేప్ చేసి చూపించు. ఎక్సెల్ నుంచి కాపీ చేసిన ఫైల్ పేరు చివర స్పేస్ ఉంటే కొటేషన్ లేకుండా ఎవరూ కనిపెట్టలేరు. నర్సింగ్ ^ఎం కూడా మొదటి చూపులోనే దొరికేది.

రస్ట్_రఘు · సాయంత్రం 7:20

ఓపెన్‌కి ఏ మోడ్‌లో తెరుస్తున్నారో కూడా వేయండి. 'రాయడానికి కొత్తగా సృష్టించు' అన్నప్పుడు నో సచ్ ఫైల్ వస్తే జనం బుర్ర గోక్కుంటారు. లేనందుకే కదా సృష్టించమన్నాం అని. అక్కడ లేనిది పై డైరెక్టరీ.

రవళి_మాదాపూర్ · సాయంత్రం 7:41

అలాంటప్పుడు పాత్‌లో ఏ డైరెక్టరీ లేదో మేమే వెతికి చెప్పొచ్చా? పర్మిషన్ డినైడ్‌కి కూడా. మధ్యలో ఏ ఫోల్డర్ ఆపిందో కెర్నెల్ చెప్పదు కదా.

పాత_సిస్టమ్స్ · సాయంత్రం 8:15

చెప్పొచ్చు, కానీ వేరే లైన్‌లో, సూచన అని రాసి. మీరు వెతికేది ఫెయిలైన తర్వాత. ఈలోపు ఇంకో జాబు ఆ డైరెక్టరీని సృష్టించి ఉండొచ్చు, అప్పుడు మీ సూచన అసలు ఎర్రర్‌కి ఎదురు మాట్లాడుతుంది. కెర్నెల్ చెప్పింది సాక్ష్యం, మీరు చెప్పేది ఊహ. రెండూ ఒకే లైన్‌లో కలిస్తే చదివేవాడికి ఏది ఏదో తెలియదు. నెట్‌వర్క్ డ్రైవ్ మీదున్న పాత్ అయితే అసలు వెతకొద్దు, అది హ్యాంగైతే ఎర్రర్ చెప్పడానికే పది నిమిషాలు పడుతుంది.

దివ్య_ఆన్‌కాల్ · సాయంత్రం 8:22

మనుషులే చూసుకోవాలంటే నేమ్ఐ అనే కమాండ్‌కి మైనస్ ఎల్ ఇచ్చి పాత్ ఇస్తే చాలు. మెట్టు మెట్టుకీ ఓనర్, పర్మిషన్ చూపిస్తుంది. రాత్రి డ్యూటీ అబ్బాయికి దాన్నీ, ఎస్‌ట్రేస్‌నీ (ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్ చూపించే టూల్‌నీ) నేర్పించు రవళీ.

సీఎస్ఈ_సాయి · సాయంత్రం 8:30

అక్కా, ఎక్సెప్షన్ మెసేజ్‌ని వెబ్ పేజీలో యూజర్‌కి చూపిస్తే సర్వర్ పాత్‌లన్నీ బయటపడతాయి కదా?

రవళి_మాదాపూర్ · సాయంత్రం 8:48

మాది జాబులకే సాయీ, వెబ్ లేదు. అయినా ఫీల్డులు విడివిడిగా ఉన్నాయి కాబట్టి వెబ్‌కి పేరూ కోడూ పంపి, పాత్ లాగ్‌లోనే ఉంచుకోవచ్చు.

చివరి_ఎర్రర్‌ని రేపటి బిల్డ్‌లో తీసేస్తున్నాం. దాన్ని వాడే పాత స్క్రిప్టులు ఆ లైన్ దగ్గర ఆగి, ఏం మార్చాలో చెప్తాయి. ఎగ్జెక్ పైప్ పని వచ్చే వారం మొదలుపెడతాం. క్లోజ్-ఆన్-ఎగ్జెక్ పెట్టడంలో థ్రెడ్ల రేస్ ఏమైనా ఉందా సార్?

పాత_సిస్టమ్స్ · రాత్రి 9:05

ఉంది. పైప్ తెరిచి తర్వాత ఎఫ్‌సీఎన్‌టీఎల్ (తెరిచిన ఫైల్ ఫ్లాగులు మార్చే కాల్) తో పెడితే, ఆ రెంటి మధ్య ఇంకో థ్రెడ్ ఫోర్క్ చేస్తే ఆ పైప్ దాని చైల్డ్‌కీ వెళ్తుంది. మీ పేరెంట్ రీడ్‌లో అలాగే కూర్చుంటుంది. పైప్2 వాడండి, తెరిచేటప్పుడే ఫ్లాగ్ పడుతుంది. మ్యాక్‌లో పైప్2 ఉందనుకోకండి, అక్కడ ఫోర్క్ చుట్టూ ఒక లాక్ పెట్టుకోండి.